ఆంబ్వాజ్‌కి గంటన్నర చాలా? అమ్మానాన్నలతో లువార్ నది ఒడ్డున ఒక రాత్రి ఉండొచ్చా?

పప్పుచారు_ప్రసాద్
ఏప్రిల్ నెలాఖరుకి అమ్మానాన్నలు జర్మనీలో మా దగ్గరికి వస్తున్నారు. పారిస్ ఎలాగూ చూపించాలి. అక్కడి నుంచి ‘లువార్ లోయ కోటలు, ఒక్క రోజులో’ అని ఒక టూర్ వాళ్ళ దగ్గర మాట్లాడాను. పొద్దున ఏడింటికి బస్సు, షాంబోర్, షెనోన్సో, చివర్లో ఆంబ్వాజ్. ఆంబ్వాజ్‌కి గంటన్నర, అందులోనే భోజనం కూడా.

మా నాన్న రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఆయనకి మిగతా రెండు కోటలూ అక్కర్లేదు. లియొనార్డో డావిన్చి ఆఖరి మూడేళ్ళు ఉన్న ఇల్లు, ఆయన సమాధి చూస్తే చాలట. ఈ మాట చెబితే టూర్ ఆయన ‘ఆంబ్వాజ్‌లో మనం లోపలికి వెళ్ళం సార్, బయట ఫోటో స్టాప్ మాత్రమే’ అన్నాడు. సమాధి కోట లోపల ఉంటే బయట నిలబడి దేనికి దండం పెట్టాలి?

అందుకే రైల్లో మనంతట మనమే వెళ్ళి, ఒక రాత్రి ఉండి వద్దామా అనుకుంటున్నాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టదు. మా ఆవిడేమో ‘చిన్న ఊళ్ళో రాత్రంతా ఏం చేస్తాం, ఏడు దాటితే రోడ్డు మీద కుక్క కూడా కనపడదు’ అంటోంది. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి.

నిజాంపేట_నాని
ఫోటో స్టాప్ అంటే వెనక కోట, ముందు మన తలకాయ. గంతే. ముందు ఆ బుకింగ్ క్యాన్సిల్ కొట్టు అన్నా.

తూర్_తెలుగమ్మాయి
పక్కనే తూర్‌లో చదువుకుంటున్నాను కాబట్టి దారి సంగతి చెప్తాను. పారిస్ ఆస్టర్‌లిట్జ్ స్టేషన్ నుంచి ఆంబ్వాజ్‌కి నేరుగా రైళ్ళున్నాయి, దాదాపు రెండు గంటలు. మోంపర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే స్పీడు రైల్లో సెంపియెర్-దె-కోర్ దాకా వచ్చి లోకల్ రైలు మారే దారి కూడా ఉంది. కాస్త త్వరగా చేరతారు గానీ పెద్దవాళ్ళతో, సామాన్లతో మారడం ఎందుకు? నేరుగా వచ్చేదే ఎక్కండి.

స్టేషన్ నదికి ఉత్తరపు ఒడ్డున, ఊరు దక్షిణపు ఒడ్డున. నడుమ ఇల్ దోర్ అనే లంక. ఒక వంతెన దాటి లంక మీదికి, రెండో వంతెన దాటి ఊళ్ళోకి. మెల్లగా నడిస్తే ఇరవై నిమిషాలు. రెండో వంతెన మీదికి వచ్చేసరికి కోట మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. ఆ టూర్ వాళ్ళు ఫోటో తీసుకోమనేది ఇంచుమించు అక్కడే, దానికి డబ్బులు కట్టక్కర్లేదు 😀

అమ్మగారి మోకాళ్ళ విషయం: కోట బండ మీద ఉంది, ఎక్కే దారి ఏటవాలు. మెట్లు కాదు, రాళ్ళు పరిచిన వాలు. ఆగి ఆగి ఎక్కొచ్చు. లియొనార్డో ఉన్న క్లో లూసే అక్కడి నుంచి అర కిలోమీటరు ఉంటుందేమో, కాస్త ఎగువకి. కోట ఒక రోజు, క్లో లూసే ఒక రోజు పెట్టుకుంటే ఎవరికీ ఆయాసం రాదు. అందుకే రాత్రి ఉండమనే నా సలహా.

బెజవాడ_బుల్లెట్
నేను పూర్తిగా వ్యతిరేకం. ఆంబ్వాజ్‌లో రాత్రి ఉండటం డబ్బు దండగ. కోట అని లోపలికి వెళ్తే ముప్పావు వంతు తోటే, బిల్డింగ్ కొంచెమే. నాలుగు గదులు, ఓ గుడి, ఓ డాబా, అయిపోయింది. అదే షెనోన్సో చూడండి, నది మీద నిలబెట్టిన కోట. ఇంత దూరం వచ్చి దాన్ని వదిలేసి దీని దగ్గర పడుకోవడమేంటి?

లియోన్_లత
షెనోన్సో బాగుంటుంది బుల్లెట్ గారూ, కాదనను. షేర్ నది మీద అరవై మీటర్ల గ్యాలరీ, కేథరీన్ డి మెడిచి కట్టించింది. మొదటి ప్రపంచయుద్ధంలో అందులో మంచాలు వేసి ఆసుపత్రి నడిపారు. రెండో యుద్ధంలో ఫ్రాన్సును రెండు ముక్కలు చేసిన గీత ఆ నది వెంటే పోయింది. ఉత్తరపు గుమ్మం జర్మన్ల కింద, గ్యాలరీ దాటి దక్షిణపు గుమ్మంలోంచి బయటపడితే అవతలి జోన్. కానీ ఆయన అడిగింది నాన్నగారి కోసం కదా. షెనోన్సోలో డావిన్చి లేడు.

చరిత్ర_చాదస్తం
బుల్లెట్ గారు ‘బిల్డింగ్ కొంచెమే’ అన్నారు. నిజమే, అసలు కోటలో ఐదో వంతు మించి మిగల్లేదని లెక్క. ఎందుకు మిగల్లేదో తెలిస్తే ఆ తోటలో నడక వేరుగా ఉంటుంది.

1400ల చివర్లో ఎనిమిదో షార్ల్ అనే రాజు ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పోయాడు. ఇటలీ మీదికి దండెత్తి, అక్కడి వైభవం చూసి కళ్ళు తిరిగి, ఇటాలియన్ పనివాళ్ళని, తోటమాలుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఫ్రాన్సులో ఇటలీ మోజు వేళ్ళూనింది ఇక్కడి నుంచే అనొచ్చు. ఆ తర్వాత మొదటి ఫ్రాంస్వా చిన్నతనం గడిచిందీ ఇక్కడే. 1600లు వచ్చేసరికి రాజులు పారిస్ వైపు వెళ్ళిపోయారు, ఇది జైలుగా మిగిలింది. విప్లవం తర్వాత నెపోలియన్ దీన్ని రోజే ద్యూకో అనే సెనేటర్‌కి ఇస్తే, బాగు చేయించే ఖర్చు భరించలేక ఆయన చాలా భవనాలు పడగొట్టించాడు. ఇప్పుడు మీరు నడిచే గడ్డి కింద పునాదులే.

మిగిలిన వాటిలో తప్పక చూడాల్సినవి రెండు గుండ్రటి బురుజులు, మినీమ్, ఉర్తో. లోపల మెట్లుండవు. మెలికలు తిరుగుతూ పైదాకా వాలుదారి. గుర్రాలు, బండ్లు నది ఒడ్డు నుంచి నేరుగా కోట పైకి రావడానికి కట్టారు. ప్రసాద్ గారూ, దిగేటప్పుడు ఉర్తో బురుజు తెరిచి ఉంటే అమ్మగారిని అందులోంచే తీసుకురండి, నీడగా ఉంటుంది. గోడల మీద దూలాల చివర చెక్కిన వెక్కిరింత మొహాలు నాన్నగారికి నచ్చుతాయి.

ఎనిమిదో షార్ల్ ఎలా పోయాడో చెప్పలేదు కదూ. 1498 ఏప్రిల్ 7న కోట కందకంలో టెన్నిస్ లాంటి ఆట జరుగుతోంది. చూద్దామని రాణితో బయల్దేరి, పొట్టి గుమ్మం కింద నుంచి పోతూ పైకమ్మీకి తల కొట్టుకున్నాడు. కాసేపు ఆట చూశాడు, మాట్లాడాడు, ఉన్నట్టుండి కూలిపోయాడు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోయింది. వయసు 27.

గుంటూరు_గోంగూర
వాస్తు చూపించుకోలేదన్నమాట.

నిజాంపేట_నాని
నైరుతి గుమ్మం పక్కా.

గుంటూరు_గోంగూర
మా మామ్మ ఉంటే ‘బయల్దేరేటప్పుడు తల తగిలితే ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాలి’ అనేది. ఫ్రాన్సు రాజుకి మామ్మ లేకపోయె.

చరిత్ర_చాదస్తం
నవ్వండి గానీ, ఆ గుమ్మం వల్ల సింహాసనమే చేతులు మారింది. షార్ల్ పిల్లలెవరూ బతకలేదు. బంధువు పన్నెండో లూయీ రాజయ్యాడు. రాణి ఆన్‌ని కూడా ఆయనే పెళ్ళి చేసుకున్నాడు. ఆమె బ్రిటనీ ప్రాంతానికి వారసురాలు, బయటివాళ్ళని చేసుకుంటే బ్రిటనీ చేజారుతుంది. మొదటి పెళ్ళి ఒప్పందంలోనే ‘మగబిడ్డ లేకుండా రాజు పోతే వచ్చే రాజునే చేసుకోవాలి’ అని రాయించుకున్నారు. కోటలో సభ జరిపే హాలుంది, దాని స్తంభాల మీద ఫ్రాన్సు లిల్లీ పువ్వులు, బ్రిటనీ చిహ్నమైన ఎర్మిన్ (తెల్ల బొచ్చున్న చిన్న జంతువు) గుర్తులు కలిపి చెక్కారు. చూసేటప్పుడు ఈ ఒప్పందం గుర్తు చేసుకోండి.

పప్పుచారు_ప్రసాద్
అందరికీ థాంక్స్. నాన్నకి మీ పోస్టులు చదివి వినిపించాను. ఆయన ఒకటే అడగమన్నారు: ఆ సమాధిలో ఉన్నది నిజంగా డావిన్చేనా? ఎక్కడో అనుమానం ఉందని చదివారట.

కుంచె_కృష్ణ
మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి, నేనూ బొమ్మలేసేవాణ్ణే. అనుమానం ఉంది, అది దాచేదేం కాదు.

ఆయన 1519 మే 2న పోయారు, 67 ఏళ్ళు. ఆంబ్వాజ్ కోటలోని సెం ఫ్లొరాంతాన్ చర్చిలో పాతిపెట్టమని వీలునామాలో రాశారు. శవయాత్రలో అరవైమంది పేదవాళ్ళు అరవై కాగడాలు పట్టుకుని నడవాలని, వాళ్ళకి డబ్బులివ్వాలని కూడా రాశారు. అలాగే అక్కడ పాతిపెట్టారు. పైన చెప్పిన కూల్చివేతల్లో ఆ చర్చి కూడా పోయింది, సమాధులు చెల్లాచెదురయ్యాయి. 1863లో అర్సెన్ ఊసే అనే రచయిత అక్కడ తవ్వించాడు. పెద్ద పుర్రె ఉన్న ఎముకల గూడు, దగ్గర్లో లియొనార్డో పేరులోని అక్షరాలనిపించే రాతి ముక్కలు దొరికాయి. అంత పెద్ద పుర్రె అంత పెద్ద బుర్రదే అయ్యుంటుందని ఆయన తేల్చేశాడు. ఆ ఎముకలే తర్వాత కోటలోనే ఉన్న సెంట్ ఉబేర్ గుడిలోకి చేరాయి. అక్కడివాళ్ళు కూడా ‘ఆయనవిగా భావిస్తున్న’ అనే అంటారు. పాత చర్చి ఉన్న చోట తోటలో ఆయన విగ్రహం ఒకటి ఉంటుంది, అక్కడ కూడా ఆగండి.

బెజవాడ_బుల్లెట్
అంటే ఎవరివో ఎముకలకి టికెట్ పెట్టి చూపిస్తున్నారు. ఇందుకా రాత్రి ఉండాలి?

కుంచె_కృష్ణ
ఎముకల కోసం కాకపోతే గుడి కోసమే వెళ్ళండి. అరచేతిలో పట్టేట్టున్న గోతిక్ గుడి, కోట గోడ అంచున. గుమ్మం పైన వేటగాడు ఉబేర్‌కి జింక కొమ్ముల మధ్య శిలువ కనిపించిన ఘట్టం చెక్కారు. మెత్తని తెల్లరాయి కాబట్టి కుక్క చెవులు, గుర్రం జీను కూడా తెలుస్తాయి. పైన శిఖరానికి జింక కొమ్ములు. 1940 బాంబుల్లో కిటికీలు పోతే తర్వాత కొత్త రంగుటద్దాలు పెట్టారు. మధ్యాహ్నం వాటి వెలుగు సమాధి రాయి మీద పడుతుంది. మాస్టారు పెన్సిలు తెచ్చుకుంటే మంచిది.

లియోన్_లత
కృష్ణ గారూ, ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే పెద్దాయన నిరుత్సాహపడతారు. క్లో లూసేలో అసలు బొమ్మ ఒక్కటీ లేదు. ఆయన వెంట తెచ్చిన మోనాలిసా, సెయింట్ ఆన్, యోహాను మూడూ లూవ్ర్‌లోనే ఉన్నాయి. ఇక్కడున్నది ఇల్లు, పడకగది, వంటగది, కింద ఆయన యంత్రాల నమూనాలు, బయట పెద్ద తోటలో తిప్పి చూసే చక్రాలు, వంతెన, తొట్టి పడవ. మా పిల్లలు సాయంత్రం దాకా కదల్లేదు. డ్రాయింగ్ మాస్టారికి అది ఎగ్జిబిషన్‌లా అనిపించొచ్చు.

కుంచె_కృష్ణ
లత గారూ, అసలు బొమ్మలు లేవనేది నిజం. కానీ మాస్టారికి చూపించాల్సింది ఆ గది. 1517 అక్టోబర్‌లో ఒక ఇటాలియన్ కార్డినల్ ఇక్కడికి వచ్చాడు. ఆయన కార్యదర్శి డైరీలో రాసుకున్నాడు: ముసలాయన మూడు బొమ్మలు చూపించాడు, కుడిచేతికి పక్షవాతం వచ్చింది, రంగులు వేయలేడు గానీ గీయగలడు, నేర్పగలడు. ఆ మాట చదివాక ఆ గదిలో నిలబడటం వేరు.

లియొనార్డో రాజు ఫ్రాంస్వా చేతుల్లో కన్నుమూశాడనే కథ కూడా అక్కడ వింటారు, దాని మీద పెద్ద బొమ్మలే వేశారు. ఆ రోజుల్లో రాజసభ పారిస్ దగ్గర సెంజర్మాన్‌లో ఉందని చాలామంది చరిత్రకారుల మాట. మాస్టారికి ఏ కథ నచ్చితే అది.

పప్పుచారు_ప్రసాద్
నేర్పగలడు అన్న చోట నాన్న ‘మళ్ళీ చదువు’ అన్నారు.

యానాం_పిల్లోడు
ఇందాకటి నుంచి చూస్తున్నా, ఎవరూ పగోడా ఊసెత్తలేదు. ఊరికి మూడు కిలోమీటర్లలో అడవి అంచున షాంత్‌లూ పగోడా ఉంది. చైనా గుళ్ళ పోలికలో ఏడంతస్తుల రాతి గోపురం, 44 మీటర్లు, అంతస్తు అంతస్తుకీ సన్నబడుతూ. ముందు చెరువు. 1775-78 మధ్య షువాజోల్ ప్రభువు కట్టించాడు.

మా యానాం వాళ్ళకి ఆ పేరు ముఖ్యం. ఇంగ్లీషువాళ్ళతో ఏడేళ్ళ యుద్ధం ముగిసి 1763 పారిస్ ఒప్పందం కుదిరేనాటికి ఫ్రాన్సు ప్రభుత్వాన్ని నడిపిస్తున్నది ఆయనే. యుద్ధంలో పోయిన పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ఆ ఒప్పందం వల్లే తిరిగి ఫ్రెంచి చేతికొచ్చాయి. అక్కడి నుంచి మధ్యలో ఇంగ్లీషువాళ్ళు లాక్కోవడం, ఇవ్వడం జరుగుతూ 1954 దాకా మేం ఫ్రెంచి యానాం. మా పెదనాన్న పారిస్ శివార్లలో స్థిరపడ్డారు. ఆయనకి ఫ్రెంచి పౌరసత్వం ఉందంటే దాని వెనక ఈ కథంతా ఉంది. పగోడా కింద నిలబడి నేను మాత్రం ‘ఏం సారూ, బాగున్నారా’ అనే అనుకున్నాను.

బొబ్బిలి_పులి_పిల్ల
మా ఊరి మీదికి బుస్సీ ఫిరంగులు తోలుకొచ్చింది 1757లో. ఫ్రెంచి కోట ఏదైనా సరే మేం టికెట్ కొనం, వాళ్ళే బాకీ.

గుంటూరు_గోంగూర
కౌంటర్ దగ్గర తాండ్ర పాపారాయుడి పేరు చెప్పి చూడండి, డిస్కౌంట్ ఇస్తారేమో.

చరిత్ర_చాదస్తం
@యానాం_పిల్లోడు షువాజోల్‌కి అంత సీన్ ఇవ్వకండి. ఆయన లెక్కలో ఇండియా చాలా కింద. కెనడాని ఇంగ్లీషువాళ్ళకి వదిలేసి, చక్కెర పండే గ్వాదెలూప్, మార్టినిక్ దీవులు దక్కించుకోవడమే పెద్ద బేరం. ఇండియాలో ఇచ్చినవి వ్యాపారం చేసుకోవడానికి చిన్న చిన్న స్థావరాలు. బెంగాల్లో అయితే కోటలు కట్టకూడదు, సైన్యం పెట్టకూడదు అని షరతు కూడా. యానాం మీద ఆయన రాత్రి నిద్రపోకుండా ఆలోచించి ఉంటాడనుకోను.

యానాం_పిల్లోడు
నిద్రపోయాడో లేదో మాకెందుకండీ, సంతకమైతే పడింది కదా. చిన్న ఊళ్ళ చరిత్ర ఎప్పుడూ పెద్దవాళ్ళ కాగితం మీద ఓ మూల లైనే.

పగోడా సంగతి పూర్తి చేస్తాను. 1770 డిసెంబర్‌లో పదిహేనో లూయీ ఈయన్ని పదవిలోంచి తీసేసి తన ఎస్టేట్‌కి వెళ్ళి కూర్చోమన్నాడు. రాజుకి కోపం వస్తే మామూలుగా స్నేహితులు మొహం చాటేస్తారు. ఈయన విషయంలో రివర్సయింది, వెర్సాయ్ నుంచి జనం వరసకట్టి వచ్చారు. వాళ్ళ పేర్లు చలువరాళ్ళ మీద చెక్కించడానికే ఆ గోపురం. పక్కనున్న అసలు భవంతిని తర్వాత కొన్నవాళ్ళు పడగొట్టి రాయి అమ్ముకున్నారు. పగోడా ఒక్కటే నిలిచింది. ప్రసాద్ గారూ, లోపలి మెట్లు ఇరుకు, అమ్మగారు చెరువు గట్టున కూర్చోవడమే నయం.

రాజమండ్రి_రేవు
అందరూ కోటలూ రాజులూ అంటున్నారు, నది గురించి ఒక్కరూ మాట్లాడరేం? గోదారి వాణ్ణి, నది దగ్గరికెళ్తే నది చూడకుండా ఉండలేను.

లువార్ ఫ్రాన్సులో పొడవైన నది, వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఆంబ్వాజ్ దగ్గర వేసవిలో నీళ్ళు పలచబడి ఇసుక మేటలు తేలతాయి, వాటి మీద సముద్రకాకి జాతి పిట్టలు గుడ్లు పెడతాయి. చూస్తే మోకాల్లోతే కదా దిగుదాం అనిపిస్తుంది. దిగొద్దు. మేట పక్కనే గుంట, కింద సుడి, పైకి తెలియదు. ఈత నిషేధం అని బోర్డులు ఊరికే పెట్టలేదు. ఆ మాట నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా రేవులో చూసినవే.

ఏప్రిల్‌లో అయితే నీళ్ళు నిండుగా ఉండొచ్చు. 1846, 1856, 1866, పదేళ్ళకోసారి మూడు పెద్ద వరదలు వచ్చాయి. లువార్ ఊళ్ళల్లో గోడల మీద ఏ ఏడు ఎంత దాకా వచ్చిందో గీతలు చెక్కి ఉంటాయి, వెతికి చూడండి. ఏటిగట్లు మధ్యయుగాల నుంచి ఎత్తుకుంటూ వస్తున్నారు. గట్టు ఎత్తు పెరిగేకొద్దీ తెగినప్పుడు నష్టం కూడా పెరుగుతుందని వాళ్ళకి ఆ మూడు వరదల్లో తెలిసింది. 86 గోదారి వరద చూసిన మా వాళ్ళకి ఇది విడమర్చి చెప్పాలా?

పాత తరహా చదును అడుగు చెక్క పడవలు ఇప్పుడు టూరిస్టుల కోసం తిప్పుతున్నారు. సీజన్ మొదలైతే సాయంత్రం ఒకటి ఎక్కండి. రైలు రాకముందు ఉప్పు, వైన్, ఇళ్ళు కట్టే తెల్లరాయి అన్నీ ఇలాంటి పడవల్లోనే పోయేవి. పడమటి గాలికి తెరచాప ఎత్తితే నదికి ఎదురు వెళ్ళేవి.

తూర్_తెలుగమ్మాయి
రేవు గారి పోస్టుకి ఒక చేర్పు. ఆ తెల్లరాయిని టుఫో అంటారు. క్లో లూసేకి వెళ్ళే దారిలో వీధి పక్క కొండనే తొలిచి చేసిన ఇళ్ళు చూస్తారు, తలుపు, కిటికీ, పొగగొట్టం అన్నీ బండలోంచే. ఇప్పటికీ జనం ఉంటున్నారు. రాయి తీసిన సొరంగాల్లో వైన్ నిలవ చేస్తారు, పుట్టగొడుగులు పెంచుతారు.

అనంతపురం_అక్క
తిండి సంగతి ఎవరైనా చెప్పండయ్యా. పెద్దామె గుడ్డు కూడా తినదంట. మా అత్తను ఇట్లాంటి ఊరికే తీసుకుపోయి, మధ్యాహ్నం రెండున్నరకు హోటల్‌కు పోతే ‘వంటిల్లు మూసేసినాం’ అన్నారు. మళ్ళా రాత్రి ఏడుకే తెరుస్తారు. అరటిపండ్లతో గడిపినాం.

తూర్_తెలుగమ్మాయి
అక్క చెప్పింది బంగారం. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా కూర్చోవాలి. ఆదివారం రాత్రి, సోమవారం చాలా హోటళ్ళు మూసే ఉంటాయి.

గుడ్డు లేకుండా: గోధుమరవ్వ కూస్‌కూస్‌తో కూరగాయల పులుసు పెట్టే ఉత్తరాఫ్రికా హోటళ్ళు ఈ ప్రాంతమంతా ఉంటాయి, అమ్మగారి నోటికి దగ్గరగా ఉంటుంది, మాంసం లేకుండా అని గట్టిగా చెప్పండి. క్రెప్ (పల్చటి అట్టు) తినాలంటే జాగ్రత్త, తీపి క్రెప్ పిండిలో గుడ్డుంటుంది. బక్‌వీట్ గాలెత్‌లో కొన్నిచోట్ల ఉండదు, అడగాలి. ఇక్కడి స్పెషల్ ఫువే, పొయ్యిలో పెడితే పూరీలా పొంగే చిన్న రొట్టె. చీల్చి లోపల చిక్కుళ్ళో మేక చీజో పెట్టుకోవచ్చు. పంది మాంసం రియెత్ పెట్టిస్తారేమో, ముందే వద్దనండి.

మేక చీజ్ అంటే సెంత్ మోర్. బూడిద పూసిన కడ్డీలా ఉంటుంది, మధ్యలో ఒక గడ్డిపరక. అసలుదానికి ఆ పరక మీద తయారుదారు గుర్తు ఉంటుంది.

అనంతపురం_అక్క
ఆ చీజ్‌కు పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ కదా పాపా? గుడ్డే తినని మనిషికి అది ఎట్ల పెడతాం?

తూర్_తెలుగమ్మాయి
చాలా ఫ్రెంచి చీజ్‌లకి అదే అక్కా. అమ్మగారికి పట్టింపు ఉంటే వద్దు. ప్రసాద్ గారే తేల్చుకోవాలి.

పప్పుచారు_ప్రసాద్
అమ్మకి ఈ పోస్టు చూపించను.

అనంతపురం_అక్క
చూపియ్యాల నాయనా. తిన్న తర్వాత తెలిస్తే ఇంకా బాధ.

చార్మినార్_చాయ్
కోటకి వెళ్ళినప్పుడు తోటలో వెనక వైపు దాకా నడవండి. అక్కడ వరసగా పాతిన చిన్న రాళ్ళుంటయ్. గైడ్ గుంపులు అటు తిరగవు.

అల్జీరియాలో ఫ్రెంచోళ్ళ మీద పదిహేనేళ్ళు పోరాడిన అమీర్ అబ్దుల్ ఖాదిర్‌ని 1848 నుంచి 1852 దాకా ఈ కోటలో బందీగా ఉంచారు. 1847 డిసెంబర్‌లో లొంగిపోయినప్పుడు అలెగ్జాండ్రియాకో, అక్కా అనే రేవు పట్నానికో పంపిస్తమని మాటిచ్చి, ఫ్రాన్సుకి తెచ్చి బంధించారు. ఆయన ఒక్కడే కాదు, ఆడవాళ్ళు, పిల్లలు, నౌకర్లతో సహా పెద్ద కుటుంబం. నది మీంచి వచ్చే చలి, తేమ తట్టుకోలేక కొందరు అక్కడే పోయారు. పాతిక మందికి గుర్తుగా 2005లో ఒక అల్జీరియా కళాకారుడు ఆ రాళ్ళ తోట చేసిండు. అప్పటి ఫ్రాన్సు అధ్యక్షుడు లూయీ నెపోలియన్ స్వయంగా కోటకి వచ్చి విడుదల చేస్తున్నట్టు చెప్పిండు. తర్వాత 1860లో డమాస్కస్ అల్లర్లల్లో వేలమంది క్రైస్తవుల్ని కాపాడింది ఇదే అబ్దుల్ ఖాదిర్. ఫ్రాన్సు మెడల్ ఇచ్చింది.

సగం మంది ‘డావిన్చి ఎక్కడ’ అని అడిగి వెళ్ళిపోతరు. నాకైతే ఆంబ్వాజ్ అంటే ఆ రాళ్ళే.

లియోన్_లత
చాయ్ గారు చెప్పింది మా గైడ్ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. 1560 సంగతి మాత్రం ఊరించి ఊరించి చెప్పాడు. కుర్ర రాజుని, అప్పట్లో పెత్తనం చేస్తున్న కేథలిక్ గీజ్ వంశం చేతుల్లోంచి లాక్కోవాలని ప్రొటెస్టెంట్లు కుట్ర పన్ని దొరికిపోయారు, వాళ్ళని నది వైపు బాల్కనీ నుంచి వేలాడదీశారు. ఆ బాల్కనీ కింద నిలబడి అందరూ సెల్ఫీలు. మా చిన్నది ‘ఇక్కడేనా?’ అని రెండుసార్లు అడిగింది. పిల్లలుంటే ఆ భాగం గబగబా దాటించండి.

బెజవాడ_బుల్లెట్
సరే, చరిత్ర ఉంది, ఒప్పుకుంటా. కానీ ఖర్చు ఎవరూ మాట్లాడరు. కోటకి ఒక టికెట్, క్లో లూసేకి ఇంకో టికెట్, పగోడాకి మూడోది. పెద్ద రెండిటికీ మనిషికి పదిహేను ఇరవై యూరోల మధ్య. నలుగురికి లెక్కేసుకోండి. పైగా ఇవి ప్రభుత్వానివి కూడా కాదు. కోట పాత రాజవంశం పెట్టిన ఫౌండేషన్‌ది, క్లో లూసే ఒక కుటుంబానిది. వారసత్వం పేరుతో వ్యాపారం.

చరిత్ర_చాదస్తం
బుల్లెట్ గారూ, ప్రభుత్వం చేతిలో ఉన్నా టికెట్ ఉంటుంది, షాంబోర్ ఊరికే చూపిస్తున్నారా? టుఫో మెత్తరాయి, వానకి, చలికి పొరలు పొరలుగా రాలుతుంది. ఎప్పుడూ ఎక్కడో ఓ చోట రాళ్ళు మార్చుతూనే ఉండాలి. ఖర్చు భరించలేకపోతే ఏమవుతుందో ద్యూకో చూపించాడు కదా. 2000లో లువార్ లోయని యునెస్కో జాబితాలో పెట్టారు, సుల్లీ నుంచి షలోన్ దాకా నది వెంట మొత్తం. పేరు పెట్టినంత మాత్రాన ఎవరూ వచ్చి గోడలకి సున్నం కొట్టరు.

బెజవాడ_బుల్లెట్
అలాగైతే ఒక్క కంబైన్డ్ టికెట్ పెట్టొచ్చుగా. నా పాయింట్ అదే.

నిజాంపేట_నాని
బుల్లెట్ అన్న పాయింట్లు మారుతున్నయ్, బస్సు మాత్రం ఆగుతలేదు.

పప్పుచారు_ప్రసాద్
బస్సు క్యాన్సిల్ చేశాను, అడ్వాన్సులో కొంత పోయింది. రైలు, వంతెనకి దగ్గర్లో ఒక గది బుక్ చేశాను. మొదటి రోజు మధ్యాహ్నం కోట, మర్నాడు పొద్దున క్లో లూసే. ఇంకో ప్రశ్న: మేం ఉండేది మే 1 చుట్టూ పడుతోంది. ఇబ్బందా?

లియోన్_లత
మే 1 కార్మిక దినం. బస్సులు తిరగకపోవచ్చు, దుకాణాలు దాదాపు అన్నీ బంద్. కోట, క్లో లూసే ఆ రోజు టైమింగ్స్ వాళ్ళ సైట్లో చూసుకోండి. వీలైతే మే 2 క్లో లూసేలో ఉండేట్టు పెట్టుకోండి, డావిన్చి పోయిన తేదీ. మాస్టారికి అదొక తృప్తి.

కుంచె_కృష్ణ
మే 2 పెట్టుకోండి ప్రసాద్ గారూ. ఇంకేం ఆలోచించకండి.

యానాం_పిల్లోడు
సాయంత్రం ఏం చేయాలని మీ ఆవిడ అడిగారుగా. భోజనం చేసి లంక మీదికి నడవండి. దీపాలు వేసిన కోట నీళ్ళల్లో కనపడుతుంది, అమ్మగారికి ఎక్కడం దిగడం ఉండదు. 503 ప్రాంతంలో ఫ్రాంకుల రాజు క్లోవిస్, విసిగోత్‌ల రాజు అలారిక్ ఈ లంక మీదే కలిసి సంధి మాట్లాడుకున్నారట. కొన్నేళ్ళకే క్లోవిస్ యుద్ధంలో ఆయన్ని చంపేశాడు.

గుంటూరు_గోంగూర
రాజమండ్రి లంకల్లో పొలం గొడవలు ఇంతకంటే నయం.

రాజమండ్రి_రేవు
గోంగూర గారూ, మా లంకల జోలికి రాకండి.

తూర్_తెలుగమ్మాయి
ఇంకొక్కటి, ఆదివారం కలిసొస్తే నది ఒడ్డున పొద్దున సంత ఉంటుంది, శుక్రవారం కూడా చిన్నది ఉంటుంది. పళ్ళు, రొట్టె, ఆలివ్‌లు కొనుక్కుంటే అమ్మగారి పూట గడిచిపోతుంది. ఒంటిగంటకల్లా ఎత్తేస్తారు, పదిలోపు వెళ్ళండి. కార్డు అందరూ తీసుకోరు, చిల్లర దగ్గర పెట్టుకోండి.

పప్పుచారు_ప్రసాద్
నోట్ చేసుకున్నా. షెనోన్సోకి ఆంబ్వాజ్ నుంచి టాక్సీ మాట్లాడిన వాళ్ళెవరైనా ఉంటే ఎంత అయ్యిందో మెసేజ్ పెట్టండి. బుల్లెట్ గారి మాట కూడా వినాలని మా ఆవిడ పట్టుబట్టింది.